మంచం కోడుకు కట్టిన పట్టు కుచ్చు

నా చిన్నప్పుడు నేను ఒకచోట కుదురుగా ఉన్నానని చెప్పేవాళ్లు ఎవరూ లేరు. అన్నం కూడా చేతిలో పళ్లెం పట్టుకుని వాకిట్లో తిరుగుతూ తినేదాన్ని. గద్వాలలో మగ్గాల ఇంట్లో పుట్టిన పిల్లకు ఇది చిన్న లోపం కాదు. మా ఇళ్లలో పనంటేనే కూర్చోవడం. మా అమ్మా నాయనా పొద్దున్నే మగ్గం గుంటలో కాళ్లు దింపితే మళ్లీ అన్నం వేళకే లేచేవారు. అట్లాంటి ఇంట్లో నేను లోపలికీ బయటికీ ఊరికే తిరుగుతుంటే మా అవ్వ, అంటే మా నాయన తల్లి, ఈ పిల్ల మనింట్ల పుట్టిందా బస్టాండుల దొరికిందా అని అడిగేది. ఆమె నోటికి వీధంతా జడిసేది. నేను మాత్రం ఆ తిట్ల కోసమే ఆమె చుట్టూ తిరిగేదాన్ని.

కాళ్లే కాదు, నా చేతులూ ఊరుకునేవి కావు. కనబడిన వస్తువునల్లా విప్పి చూడాలి. మా నాయన టార్చిలైటు విప్పాను, బిగించాను, వెలగకపోతే మళ్లీ విప్పాను. పెట్టె తాళం విప్పితే అందులోంచి ఒక స్ప్రింగు ఎగిరి పోయి ఇవాళ్టికీ దొరకలేదు. ఒకరోజు బడిలో సైన్సు సారు ఒక మేకుకు తీగ చుట్టి, తీగ కొసలు రెండూ టార్చిలైటు సెల్లులకు ఆనించి, ఆ మేకుతో గుండుసూదుల్ని లేపి చూపించారు. తీగ తీసేయగానే సూదులు రాలిపోయాయి. మిగతా పిల్లలు చూసి, బాగుందనుకుని, ఇంటి గంట కొట్టగానే మరిచిపోయారు. నాకు మాత్రం ఆ రోజు అన్నం సహించలేదు. ఉత్త మేకుకు తీగ చుట్టగానే ప్రాణం ఎట్లా వచ్చిందన్నదే నా ధ్యాస.

ఆ ఏడాదే మా అవ్వకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. నోరు నిలిచింది కానీ గొంతు సన్నబడిపోయింది. వీధి చివర ఉన్న మనిషిని అరుగు మీద నుంచి పిలిచే గొంతు, మంచం పక్కన కూర్చుంటే గానీ వినబడనంత అయింది. అంతకుముందే కొంచెం మందంగా ఉన్న చెవులు ఆ దెబ్బతో ఇంకాస్త మందగించాయి. ఆమె మంచం వెనకింట్లో వేశారు. మగ్గం ముందింట్లో. మధ్యన ఒక పొడుగాటి గది.

గద్వాల చీర సంగతి తెలియనివాళ్ల కోసం ఒక మాట చెప్పాలి. ఆ చీరకు ఒళ్లంతా నూలు, అంచులు పట్టు. ఆ రెండింటినీ ప్రతి పోగుకీ మగ్గం మీదనే కలుపుకుంటూ పోవాలి. అందుకని మా ఇంట్లో ఆ పనికి అమ్మా నాయనా ఇద్దరూ పక్కపక్కన కూర్చునేవారు. ఒకరు లేస్తే రెండోవారికీ పని ఆగినట్టే. పైగా మగ్గం నడుస్తుంటే ఆ చప్పుడులో పక్కన ఉన్నవాళ్ల మాటే వినబడదు. ఇక వెనకింట్లో నుంచి గొంతు పోయిన ముసలామె పిలిస్తే ఎవరికి వినబడుతుంది?

ఒకనాడు మధ్యాహ్నం అవ్వకు దప్పికైంది. పిలిచింది, పిలిచింది, ఎవరూ రాలేదు. చెంబు కోసం ఎడమ చెయ్యి చాచి, మంచం మీద నుంచి కింద పడింది. అన్నానికని లేచిన అమ్మ చూసేసరికి నేల మీద పడి ఉంది. నుదురు బొప్పి కట్టింది, చీర తడిసిపోయింది. అమ్మ ఆ రోజు ఏడ్చింది. నాయన ఏడవలేదు గానీ ఆ పూట మళ్లీ మగ్గంలో దిగలేదు. నేను బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో మగ్గం చప్పుడు లేదు. ఎవరో పోయారనుకుని గడపలోనే ఆగిపోయాను.

ఆ తరవాత అమ్మకు లేనిపోని పిలుపులు వినబడడం మొదలైంది. అడ్డపోగు వేసే నాడె చేతిలో పట్టుకుని, అత్తమ్మ పిలిచినట్టుంది అని లేచేది. పోయి చూస్తే అవ్వ నిద్రపోతూ ఉండేది. మళ్లీ వచ్చి కూర్చునేది, మళ్లీ లేచేది. నాయనకు ఇటు తల్లి మీద బెంగ, అటు ముందుకు సాగని చీర మీద విసుగు. చివరికి వనపర్తిలో ఉన్న మా పెదనాయనకు కబురు పంపాడు. పెదనాయన అక్కడ ఆఫీసులో పనిచేసేవాడు. మంచివాడు, తల్లంటే ప్రాణం. వచ్చే ఆదివారం వచ్చి అమ్మను తీసుకుపోతానని, అక్కడ చూసుకోవడానికి మనిషిని పెడతానని, వీలైతే శ్రీరంగాపురం దేవుని దర్శనం కూడా చేయిస్తానని కబురు వచ్చింది.

ఆ మాట నాయన చెప్తే అవ్వ సరేనంది. అంతే. ఒక్క మాటకు పది మాటలు అప్పజెప్పే మనిషి సరే అని ఊరుకుంది. నాకు ఆమె పడిపోయిన రోజు కంటే ఆ రోజు ఎక్కువ భయమేసింది. సాయంత్రం మంచం పక్కన తచ్చాడుతుంటే నన్ను ఎడమ చేత్తో దగ్గరికి లాక్కుని చెప్పింది.

“ఆడ మగ్గం సప్పుడు ఉండదు బిడ్డా. పుట్టినకాడికెంచి ఆ సప్పుడుల పండుకున్న. అది లేకపోతే సచ్చిననో బతికిననో గూడ తెల్వదు నాకు.”

నేను అప్పటికప్పుడు గంట చేస్తానన్నాను. నువ్వు ఇక్కడ ఒత్తితే అక్కడ మగ్గం దగ్గర మోగుతుందని చెప్పాను. మోగితే పెద్దోడు నన్ను తీస్కపోడా అని అడిగింది. పోడు అన్నాను. నాకేం తెలుసు? కానీ ఆ మాట నోట్లో నుంచి వచ్చాక ఇక కాలు నిలవలేదు. ఆదివారం దగ్గరికొస్తోంది.

గంట ఎట్లా పనిచేస్తుందో సైన్సు సారును అడిగి తెలుసుకున్నాను. ఆయన సుద్దముక్కతో బల్ల మీదే బొమ్మ గీశారు. మేకుకు తీగ చుడితే అయస్కాంతం అవుతుంది. అది ఎదురుగా ఉన్న ఇనుప రేకును లాగుతుంది. రేకు కదలగానే కరెంటు దారి తెగుతుంది, మేకులో బలం పోతుంది, రేకు వెనక్కి పోతుంది. వెనక్కి పోగానే మళ్లీ దారి కలుస్తుంది, మళ్లీ లాగుతుంది. అట్లా ఆ రేకు ఊరుకోకుండా గిలగిలా కొట్టుకుంటుంటే దాని కొస పక్కనున్న గ్లాసుకు తగిలి మోగుతుంది. ఒకచోట నిలవలేక కొట్టుకునే ఆ రేకు నాకు బాగా నచ్చింది.

తీగ మాత్రం లేదు. రాగితీగ కావాలన్నారు సారు. రాగి కంటే వెండి ఇంకా మంచిదని, ఖరీదు ఎక్కువ కాబట్టి ఎవరూ వాడరని కూడా మాట వరసకు అన్నారు. అది వినగానే నాకు ఎగిరి గంతేయాలనిపించింది. ఊళ్లో పిల్లలు రాగి కోసం వెతుక్కోవాలి. మా ఇంట్లో వెండే ఉంది కదా. జరీ అంటే ఏమిటి? పట్టుదారానికి సన్నటి వెండితీగ చుట్టి, పైన బంగారు పూత పూసినదే కదా.

అవ్వ దగ్గర ఒక పౌడరు డబ్బా ఉండేది. ఎన్నో ఏళ్లుగా అంచుల్లో తెగిన జరీ ముక్కలన్నీ ఊడ్చిపారేయడానికి మనసొప్పక అందులో దాచుకునేది. అడగగానే ఇచ్చేసింది. నేను ముక్కకు ముక్క కలిపి ముడి వేశాను. ఆ ముడి మా ఇళ్లలో పిల్లలకు అక్షరాల కంటే ముందు వస్తుంది. అవ్వ ఎడమ చేత్తో ముక్కలు ఏరి ఇస్తుంటే మేకుకు జరీ చుట్టాను. మేకు నిగనిగలాడుతూ పెళ్లికూతురిలా తయారైంది. సెల్లులకు కలిపాను. ఒక్క గుండుసూది లేవలేదు. మళ్లీ కలిపాను, మళ్లీ చుట్టాను. సెల్లులు వేడెక్కాయి తప్ప మేకులో కదలిక లేదు. అవ్వ నా ముఖం చూసి, దేవునికి మొక్కు బాకీ ఉన్నదేమో అంది.

మరునాడు బడి అయిపోగానే దాన్ని చేత్తో పట్టుకుని బస్టాండు దగ్గర రేడియోలు బాగుచేసే ఆయన దగ్గరికి పరుగెత్తాను. మాకు చుట్టం కాకపోయినా అందరం ఆయన్ను రేడియో మామ అనేవాళ్లం. ఆయన నా మేకును అటూ ఇటూ తిప్పి చూసి, తాగుతున్న చాయ్ ఒలకబోసుకునేదాకా నవ్వాడు. పక్క దుకాణం వాళ్లను కూడా పిలిచి చూపించాడు.

“జరీ ఒంటి మీద బట్ట లేదు బిడ్డా. చుట్లన్నీ ఒకదానికొకటి తగుల్తున్నయి. కరెంటు గుండ్రంగ తిరగమంటే తిరుగుతదా? అడ్డంల పడి పోతున్నది.”

అని చెప్పి ఒక రాగితీగ చూపించాడు. అది చూడ్డానికి ఉత్త తీగే. దాని మీద కంటికి కనబడని వార్నీషు పూత ఉంటుందట. ఆ పూతే దానికి బట్ట. అందుకే ఎన్ని చుట్లు పక్కపక్కన చుట్టినా కరెంటు దారి తప్పదు. పాడైపోయిన ఒక ట్రాన్స్‌ఫార్మర్‌లో నుంచి తీసిన తీగ ఒక గంప అడుగున చిక్కుపడి ఉంది. చిక్కు విప్పుకుంటే నీదే తీస్కపో అన్నాడు.

చిక్కు విప్పడం నా వల్ల అయ్యే పనా? ఒక కొస లాగితే మరోచోట బిగుసుకునేది. ఇంటి మధ్యగదిలో కూర్చుని, లేచి, మళ్లీ కూర్చుని, ఏడుపొచ్చి ఆ ముద్దను గోడకేసి కొట్టాను. చాయ్ తాగి మగ్గం దగ్గరికి పోతున్న అమ్మ ఆగింది. ఆ ముద్ద తీసుకుని ఒళ్లో పెట్టుకుని, పట్టు చిక్కు విప్పినట్టే వేళ్లతో సుతారంగా విప్పింది. తరవాత మేకును రాట్నానికి నూలు చుట్టే కండె ఎక్కించినట్టు ఎక్కించి, రాట్నం తిప్పుతూ తీగను సాపుగా, ఒక్క చుట్టు మీద ఒక్క చుట్టు పడకుండా చుట్టి నా చేతిలో పెట్టింది. అంత సేపూ నాయన మగ్గంలో ఒక్కడే కూర్చుని ఎదురుచూశాడు. కోప్పడలేదు.

అది కూడా వెంటనే పనిచేయలేదు. మళ్లీ బస్టాండుకు పరుగు. కొసలు గీకినవా అని అడిగాడు రేడియో మామ, తల కూడా ఎత్తకుండా. కొసల దగ్గర ఆ వార్నీషు పోతే గానీ కరెంటు లోపలికి రాదట. ఇంటికొచ్చి బ్లేడుతో గీకాను. డబ్బా మూత కత్తిరించి రేకు చేశాను, చెక్క మీద మేకులు కొట్టాను, ఇత్తడి గ్లాసు బోర్లించాను. మైకుసెట్టు వాళ్లు పారేసిన తీగలు కలిపి ముందింటి నుంచి వెనకింటి దాకా దూలాల వెంట లాగాను. అవ్వ ఎడమ చేతి కింద మంచం పట్టెకు రెండు రేకుముక్కలు బిగించాను. వాటిని అదిమితే ఒకటికొకటి తగులుతాయి.

శనివారం అది మోగింది. అవ్వ మంచం దగ్గర ఒత్తి, మధ్యగదిలో నుంచి పరుగెత్తి, మగ్గం దగ్గరికి పోయి విన్నాను. పోయేసరికి మోత ఆగిపోయేది కాబట్టి రేకుల మీద ఒక రాయి బరువు పెట్టి పరుగెత్తాను. ఇత్తడి గ్లాసు గణగణమని మోగుతూ ఉంది. అమ్మ నవ్వుతోంది. నాయన నాడె పక్కన పెట్టి గ్లాసును కొడుతున్న రేకు వైపే చూస్తున్నాడు. నేను గుక్కతిప్పుకోకుండా మళ్లీ అవ్వ దగ్గరికి పోయి, మోగింది మోగింది అని చెప్పాను. నా బతుకులో అంత సంతోషం మళ్లీ నా పెళ్లిలో కూడా కలగలేదు.

ఆదివారం పెబ్బేరు మీదుగా వచ్చే బస్సులో పెదనాయన దిగాడు. గంట చూశాడు. తానే ఒత్తి మోగించాడు. మన ఇంట్ల ఇంజనీరు పుట్టింది అని నా జుట్టు చెరిపాడు. సరే, కొన్నాళ్లు చూద్దాం, వచ్చే నెల మళ్లీ వస్తానన్నాడు. అవ్వ ఆయనను ఆ పూట చాలా తిట్టింది. ఉద్యోగం మీద, ఇంటికి రానందుకు, బక్కచిక్కినందుకు. ఆ తిట్లు వింటుంటే ఇల్లు ఇల్లులాగా అనిపించింది.

సోమవారం నుంచి కష్టం మొదలైంది. అవ్వ గంట మోగించింది. అమ్మ లేచి పోయింది. ఏం గావాలె అత్తమ్మా అంటే ఏం లేదంది. అమ్మ వచ్చి మగ్గంలో కూర్చుందో లేదో మళ్లీ మోగింది. పోతే మళ్లీ ఏం లేదు. కాసేపటికి ఇంకోసారి. నీళ్లు ఉన్నాయి, దుప్పటి ఉంది, అన్నీ ఉన్నాయి. మరునాడూ అంతే. అమ్మ గుంటలోకి దిగడం, ఎక్కడం, దిగడం, ఎక్కడం. ముందు పిలుపు వినబడక మగ్గం ఆగింది. ఇప్పుడు వినబడి ఆగుతోంది. చీర జానెడు కూడా సాగలేదు.

నాయన ముఖం నల్లబడింది. నాకు అవ్వ మీద పట్టరాని కోపం వచ్చింది. ఆమె కోసం ఇంత చేస్తే ఆమే చెడగొట్టుకుంటోంది. ఇట్లాగే ఒత్తితే పెదనాయన వచ్చి తీసుకుపోతాడని చెప్పాను. ఆమె తల ఊపింది. నేను అటు తిరగగానే మళ్లీ ఒత్తింది. చివరికి ఒకరోజు పొద్దున నాయన విసురుగా లేచి గంటలో నుంచి సెల్లులు తీసి గూట్లో పెట్టేశాడు. పెద్దోనికి కబురు చేస్త, ఇగ నాతోని కాదు అన్నాడు. అమ్మ అవ్వను చూసుకోవడానికి తానే గంటకోసారి లేచి వస్తానంది గానీ ఆ గొంతులో బలం లేదు.

ఆ రోజు బడిలో నా మనసు మనసులో లేదు. గంట కొట్టకముందే సంచి సర్దుకుని కూర్చున్నాను. ఇంటికి పరుగెత్తి వచ్చి, మగ్గం దగ్గర ఆగకుండా నేరుగా వెనకింట్లోకి పోయాను. అవ్వ కళ్లు తలుపు వైపే ఉన్నాయి. ఎడమ చేతి బొటనవేలు రేకు మీద ఉంది. ఒత్తుతోంది. కొంచెం సేపు ఆగి, తలుపు వైపు చూసి, మళ్లీ ఒత్తుతోంది. సెల్లులు లేవు, గంట మోగదు. ఆ సంగతి ఆమెకు తెలియదు. పొద్దున్నుంచి అట్లా ఎన్నిసార్లు ఒత్తిందో. ఆ వేలి కొస ఎర్రగా కంది ఉంది.

నేను అక్కడే నిలబడిపోయాను. మోగే గంటకూ మోగని గంటకూ ఆమె మంచం దగ్గర తేడా ఏమీ లేదు. గంట మోగేది మగ్గం దగ్గర. మగ్గం చప్పుడు దాటుకుని ఆమె మందపు చెవులకు ఆ మోత అందదు. ఎందుకు ఊరికే ఒత్తుతున్నవ్ అవ్వా అని, ఈసారి కోపం లేకుండా అడిగాను.

“ఇన్నరో లేదో తెలుస్తలేదు బిడ్డా. మీ అమ్మ వచ్చినంక ఇన్నదని తెలుస్తది. పోయినంక మళ్ల పరేషాన్. ఇప్పుడు పిలిస్తే ఇంటదా ఇనదా అని.”

ఆమె భయమంతా ఆ ఒక్క మధ్యాహ్నంది. పిలిచినా ఎవరూ రాక నేల మీద పడి ఉన్న మధ్యాహ్నం. నీళ్లు అక్కరలేకపోయినా, ఇంకోసారి అట్లాంటిది వస్తే ఎవరైనా వింటారా అని చూసుకుంటోంది. నేను ఏడుస్తూ పోయి మగ్గం దగ్గర అమ్మకు ఇదంతా చెప్పాను. నాయన కూడా విన్నాడు. మగ్గం ఆగింది.

మరునాడు పొద్దున అమ్మ మగ్గంలో దిగకముందు గట్టిగా పేనిన నూలుతాడు ఒకటి తీసుకుంది. నేను తీగ లాగిన దారి వెంటే దూలాలకు మేకులు కొట్టి వాటి మీదుగా ఆ తాడు లాగింది. వెనకింట్లో అవ్వ మంచం కాళ్ల వైపు, ఆమె కళ్లకు ఎదురుగా, కోడు మీద ఒక వెదురుపుల్ల నిలబెట్టి తాడు కొస దానికి కట్టింది. ఆ పుల్ల కొసకు చీర కొంగుకు పెట్టే ఎర్ర పట్టు కుచ్చు వేలాడదీసింది. తాడు రెండో కొస మగ్గంలో తన మోకాలి పక్కన, చెయ్యి చాస్తే అందేటట్టు కట్టుకుంది. తరవాత అవ్వ చెవి దగ్గర వంగి చెప్పింది.

“అత్తమ్మా, నువ్వు ఒత్తు. నాకు ఇనవడంగనే నేను తాడు గుంజుత. గా కుచ్చు ఊగిందంటే నేను ఇన్న అన్నట్టు. నిజంగ పని ఉంటే ఆగకుంట ఒత్తు, ఉరికొస్త.”

నాయన గూట్లో నుంచి సెల్లులు తెచ్చి తానే గంటలో పెట్టాడు. మగ్గం మొదలైంది. నేను అవ్వ పక్కన మంచం పట్టుకుని నిలబడ్డాను. అవ్వ ఒత్తింది. కుచ్చు కదలలేదు. అంతలోనే ఎర్ర కుచ్చు అటూ ఇటూ ఊగింది. అవ్వ ముఖంలో పనిచేసే సగం నవ్వింది. మళ్లీ ఒత్తింది. కుచ్చు మళ్లీ ఊగింది. ముందింట్లో మగ్గం చప్పుడు ఆగలేదు. అమ్మ లేవలేదు, పోగు తెగలేదు.

ఆ పూట అవ్వ ఆ కుచ్చును చంటిపిల్ల ఊయల బొమ్మను చూసినట్టు చూస్తూ ఎన్నోసార్లు ఒత్తింది. అన్నిసార్లూ అమ్మ గుంజింది. మధ్యాహ్నానికి ఒత్తడం తగ్గింది. అన్నం తిన్నాక అవ్వ నిద్రపోయింది. పడిపోయిన నాటి నుంచి పగటి పూట ఆమె అంత గాఢంగా నిద్రపోవడం చూడలేదని అమ్మ అంది. నాలుగైదు రోజులకు గంట ఎప్పుడో ఒకసారి గానీ మోగేది కాదు.

నాకు సంతోషమూ ఉంది, ఉక్రోషమూ ఉంది. నేను అన్ని పరుగులు పెట్టి కరెంటుతో గంట చేస్తే, పేరంతా ఒక నూలుతాడుకు పోయిందని ముఖం ముడుచుకున్నాను. అమ్మ కండెలు సర్దుకుంటూ, నీ గంట మంచిదే బిడ్డా, అది లేకపోతే నాకు ఇనవడకపోవు అంది. ఆ తరవాత అన్న మాటే నాకు బతుకంతా పనికొచ్చింది.

“నువ్వు ఆడ ఒత్తి ఈడికి ఉరికొచ్చి ఇన్నవు. నీకు కాళ్లున్నయి. ఆమె ఉరికొస్తదా?”

నిజమే. గంట మోగిందో లేదో చూసుకోవడానికి నేను ఇంటి ఆ కొస నుంచి ఈ కొసకు పరుగెత్తాను. ఎవరి కోసం చేశానో ఆమె అట్లా పరుగెత్తలేని మనిషన్న సంగతి ఒక్కసారి కూడా నా బుర్రకు తట్టలేదు. తీగ ఎక్కడ తెగిందో, కొస ఎక్కడ గీకలేదో అన్నీ చూశాను. మంచం మీద పడుకుని ఒత్తి చూడలేదు. అమ్మ చెప్పాక పోయి అవ్వ పక్కన ఆనుకుని పడుకున్నాను. అక్కడి నుంచి ఇల్లు ఎంత దూరంగా ఉందో అప్పుడు తెలిసింది.

పెదనాయన అన్నట్టే వచ్చే నెల వచ్చాడు. నాయన కోపంలో పంపిన కబురు కూడా అప్పటికే ఆయనకు అందింది. తల్లిని పడుకోబెట్టి తీసుకుపోవడానికి జీపు మాట్లాడుకుని, అందులో పరుపు కూడా వేయించుకుని వచ్చాడు. నాయన ఇప్పుడు అవసరం లేదన్నా వినలేదు. మీరు మొహమాటపడుతున్నరు, ఇద్దరూ మగ్గంల ఉంటే అమ్మను ఎవరు చూడాలె అన్నాడు. మళ్లీ మగ్గంలో దిగండి, నేను అమ్మ దగ్గర కూర్చుని ప్రయాణానికి తయారుచేస్తానని వెనకింట్లోకి వచ్చాడు. నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను.

పెదనాయన చాలా సేపు వనపర్తి ఇంటి గురించి చెప్పాడు. గాలి వస్తుందని, పంపు ఇంట్లోనే ఉందని. అవ్వ విన్నదో లేదో తెలియదు. మధ్యలో ఆమె వేలు కదిలింది, రేకు ఒత్తింది. ఎదురుగా కుచ్చు ఊగింది. ఏం గావాల్నమ్మా అని పెదనాయన లేవబోయాడు.

“ఏం వద్దు కూసో. ఉన్నవా అని అడిగిన. ఉన్న అన్నది.”

పెదనాయన ఆ కుచ్చు వైపు చూశాడు. దూలం మీద తాడు ఎటు పోతుందో తల తిప్పి చూశాడు. తరవాత మెల్లగా తన వేలు తల్లి వేలి మీద పెట్టి ఒత్తాడు. కుచ్చు మళ్లీ ఊగింది. ముందింట్లో ఉన్న అమ్మకు ఒత్తింది ఎవరో తెలియదు కదా. ఆయన ఆ వేలు తీయలేదు. కళ్లు తుడుచుకున్నాడు. చాలా సేపటికి లేచి మగ్గం దగ్గరికి వచ్చి, తమ్ముడితో ఒక్క మాటే అన్నాడు.

“అమ్మ గూడ మగ్గం మీదనే ఉన్నది కదరా. లేపి ఏడికి తీస్కపోవాలె.”

జీపు ఖాళీగా పోయింది. పరుపు మాత్రం అవ్వ కిందికి వచ్చింది. ఆ తరవాత పెదనాయన నెలకోసారి వచ్చి, ఆ మంచం పక్కన కూర్చుని తిట్లు తిని పోయేవాడు. తాడు అరిగి తెగితే అమ్మ ముడి వేసేది. కుచ్చు రంగు వెలిసిపోతే కొత్తది కట్టేది. అవ్వ పోయేదాకా ఆమె పిలుపుకు ఒక్కనాడూ ఆ కుచ్చు ఊగకుండా లేదు.

నేను సైన్సు టీచరునై కోడేరు వైపు బడుల్లో చాలా ఏళ్లు పనిచేశాను. పిల్లలతో గంటలు, మోటార్లు, బుల్లి రేడియోలు ఎన్నో చేయించాను. ఏ పిల్ల ఏది చేసి తెచ్చినా, ఇది ఎవరికోసం, వాళ్లు కూర్చునే చోట నువ్వు కూర్చుని చూశావా అని అడిగేదాన్ని. మార్కులకు అవసరం లేని ప్రశ్న అది. పిల్లలు వెనక నవ్వుకునేవారు.

ఇప్పుడు వనపర్తిలో కూతురి దగ్గర ఉంటున్నాను. మనవరాలు పాలిటెక్నిక్ చదువుతోంది. దాని గదినిండా వైర్లు, చిన్న చిన్న బోర్డులు, సోల్డరింగ్ వాసన. పోయిన వానాకాలం నేను స్నానాల గదిలో జారిపడ్డాక, మెడలో వేసుకునే ఒక గుండీ లాంటిది తనే తయారుచేసి తెచ్చింది. నొక్కితే దాని ఫోను మోగుతుంది. నన్ను నొక్కమంది. నొక్కాను. పక్కగదిలో నుంచి, వచ్చింది అమ్మమ్మా, వచ్చింది అని అరిచింది. నువ్వు కాలేజీలో ఉన్నప్పుడు ఎట్లా అరుస్తావే అని అడిగాను. అది మూతి ముడుచుకుని ఆ గుండీని నా మెడలో నుంచి తీసుకుని గదిలోకి పోయింది. రెండు రోజులు ఆ గదిలో నుంచి పొగ వాసన వచ్చింది.

కొత్తగా చేసి తెచ్చినది ఇప్పుడు నా మెడలో ఉంది. నేను నొక్కితే మనవరాలి ఫోను మోగుతుంది. అది విని ఫోను మీద ఒకసారి తడితే ఈ గుండీ నా గుండె మీద సన్నగా వణుకుతుంది. కూతురూ అల్లుడూ పనికి పోయాక ఇంట్లో ఒక్కదాన్నే ఉంటాను. మధ్యాహ్నం పూట ఒళ్లు బాగానే ఉంటుంది, నీళ్లూ పక్కనే ఉంటాయి. అయినా ఒక్కోసారి నొక్కుతాను. అది ఏ క్లాసులో ఉన్నా సరే, కాసేపటికి నా గుండె మీద వణుకు వస్తుంది.